300 ట్రౌట్ వదిలాం, రెండు నెలలకే చెరువు ఖాళీ. తప్పు ఎక్కడ జరిగింది?

ఊటచెరువు అడిగారు:

అందరికీ నమస్కారం. గాలం సరదా ఉన్న పన్నెండు మందిమి కలిసి ఒక చెరువు చూసుకుంటున్నాం. ఎకరంన్నర ఉంటుంది. పై కొసన ఊట, కింది కొసన తూము. తూములోంచి పొర్లిన నీళ్లు వాగులో కలుస్తాయి. మధ్యలో లోతు 4 మీటర్లు. ఊట దగ్గర చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఏ కాలంలో చూసినా అక్కడ 11 డిగ్రీలే.

ఎండలు ముదరక ముందు ఒక హేచరీ (చేప గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోటు) నుంచి 300 రెయిన్‌బో ట్రౌట్ అనే చల్లటి నీళ్ల చేపలు తెప్పించాం. ఒక్కొక్కటి జానెడు పైనే, 25 సెంటీమీటర్లు. లారీ ట్యాంకులోంచి వలతో తీసి, బకెట్లలో గట్టుదాకా మోసుకెళ్లి వదిలాం. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే 41 చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. వారం పది రోజుల్లో ఇంకో ఇరవై పోయాయి. వాటి వీపు మీద దూదిలాంటి తెల్లటి మచ్చలున్నాయి. మిగిలినవి మొదటి రెండు వారాలు బాగానే పడ్డాయి. మా పుస్తకంలో 70 రాసుకున్నాం. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి పడలేదు. ఇప్పుడు పొద్దున, సాయంత్రం ఎంతసేపు కూర్చున్నా నీళ్ల మీద చిన్న సుడి కూడా కనబడటం లేదు.

చచ్చినవి 61, పట్టినవి 70. మిగతా 169 ఏమైనట్టు?

మావాళ్లలో కొందరు అసలు ఆ చేపే నాసిరకం అంటున్నారు. అందుకే గుడ్లు తెప్పించి మనమే పెంచి వదులుకుందామని నాకు ఆలోచన వచ్చింది. ఊట పక్కనే రెండు సిమెంటు తొట్లు కట్టడానికి జాగా ఉంది. ఇదివరకు చేపలు పెంచిన అనుభవం నాకు లేదు. ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. మళ్లీ ఇంకో 300 ప్రాణాలు తెచ్చి ఇలా చేయడం నాకు ఇష్టం లేదు.

తొట్టికాపరి జవాబు:

మీ 41 చేపల మాట చదివి మనసు చివుక్కుమంది. పదహారేళ్లు ట్రౌట్ హేచరీలో తొట్ల దగ్గర పనిచేశాను. ఏడాది పైన పెంచిన చేప ఆఖరి రెండు గంటల్లో పోతే ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు. చేప నాసిరకం అని ముందే తేల్చేయకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే నష్టం చాలావరకు లారీకీ గట్టుకీ మధ్యలో జరిగింది.

నాకు మూడు సంగతులు కావాలి. లారీ ఎక్కించే ముందు ఆ చేపలకి మేత ఆపారా? ట్యాంకు నీళ్లు ఎన్ని డిగ్రీలు, ఆ వేళకి మీ చెరువు పైనీళ్లు ఎన్ని డిగ్రీలు? వదిలింది ఏ పూట?

మేత సంగతి ఎందుకంటే, కడుపు నిండిన చేపని ట్యాంకులో కుక్కితే దారి పొడుగునా విసర్జిస్తుంది, తిన్నది కక్కుతుంది కూడా. నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. పైగా తిన్నది అరిగించుకోవడానికి దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. మేం కనీసం ఒక రోజు, పెద్ద చేపలకైతే రెండు రోజులు మేత ఆపేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లు పాపం ఆకలితో ఉన్నాయని బయల్దేరే పొద్దున ఒక గుప్పెడు వేసేవారు. ఆ గుప్పెడు మేతే దారిలో ప్రాణం మీదికి తెస్తుంది. చల్లటి నీళ్లలో ఉన్న ట్రౌట్ రెండు రోజులు తినకపోయినా దానికి ఏ హానీ లేదు.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. చేపకి ఒంటి వేడి అంటూ వేరే ఉండదు, నీళ్ల వేడే దాని వేడి. 10 డిగ్రీల దగ్గర నీళ్లలో లీటరుకు 11 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పడుతుంది. 20 డిగ్రీలకి వచ్చేసరికి 9 దగ్గరికి పడిపోతుంది. అంటే చేప ఒంట్లో పని పెరిగే వేళకే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. ట్యాంకులో చలిగా ఉన్న చేపని ఒక్కసారిగా వెచ్చటి నీళ్లలో పడేస్తే వెంటనే చచ్చిపోదు. కాసేపు బాగానే ఈదినట్టు కనిపిస్తుంది, మనం సంతోషంగా ఇంటికెళ్తాం. రాత్రికి పోతుంది. మీరు మర్నాడు చూసింది అదేనని నా అనుమానం.

5 డిగ్రీల కంటే ఎక్కువ తేడా ఉంటే నేను చేపని ట్యాంకులోంచి దించనిచ్చేవాణ్ణి కాదు. చిన్న పంపుతో చెరువు నీళ్లని ట్యాంకులోకి సన్నగా పంపుతూ, ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెం బయటికి వదిలేవాళ్లం. అలా అరగంట, తేడా ఎక్కువుంటే గంట పైనే. ఆ గంటా డ్రైవరు తొందరపెడతాడు, గట్టు మీద నిలబడ్డ జనం తొందరపెడతారు. వినకూడదు.

ఇక ఆ దూది మచ్చలు. అది నీళ్లలో ఎప్పుడూ ఉండే ఫంగస్. ఆరోగ్యంగా ఉన్న చేపని అది ఏమీ చేయలేదు, ఎందుకంటే చేప ఒంటి మీద జిగురు ఉంటుంది. ఆ జిగురు ఎక్కడ చెరిగితే అక్కడ ఫంగస్ పాతుకుంటుంది. ఒకసారి మా దగ్గర తేలిన చేపని చేతిలోకి తీసుకుని చూశాను. వీపుకి ఒక పక్క నాలుగు తెల్లటి చారలు పక్కపక్కన, రెండో పక్క ఒకటే మచ్చ. అది మనిషి చెయ్యి. ఎవరో పొడి చేత్తో ఆ చేపని గట్టిగా పట్టుకున్నారు, పది రోజుల తర్వాత ఆ పట్టు అలాగే అచ్చు పడి బయటికొచ్చింది. అది చూసిన రోజు నుంచీ తడి చెయ్యి లేకుండా నేను చేపని తాకలేదు. వల కూడా ముడులు లేని మెత్తటి రబ్బరు వల వాడండి. బకెట్లు అసలు వద్దు. ట్యాంకుకి వెడల్పాటి గొట్టం బిగించి, నీళ్లతో పాటే చేపలు జారి చెరువులో పడేలా చేస్తే ఎవరూ ముట్టుకోవాల్సిన పనే ఉండదు.

ఇప్పుడు గుడ్ల నుంచి పెంచే ఆలోచన గురించి. వద్దని చెప్పను, ఎందుకంటే నా జీవితంలో నాకు బాగా నచ్చిన పని అదే. కానీ అది ఎలాంటి పనో చెప్తాను, ఆ తర్వాత మీరే నిర్ణయించుకోండి.

గుడ్లు పెట్టే దశకి వచ్చిన ఆడ చేప పొట్ట మెత్తబడుతుంది. తడి గుడ్డతో తోక దగ్గర పట్టుకుని, పొట్ట మీద పైనుంచి కిందికి బొటనవేలితో నెమ్మదిగా రాస్తే గుడ్లు ధారగా గిన్నెలోకి జారతాయి. నారింజ రంగు, 4, 5 మిల్లీమీటర్లు ఉంటాయి. కిలో బరువున్న ఆడ చేప సుమారు 2,000 గుడ్లు ఇస్తుంది. గిన్నె పొడిగా ఉండాలి, ఇది చాలా ముఖ్యం. మగ చేప పాలు, అంటే వీర్యం, ఆ గుడ్ల మీద పిండి, ఈకతో కలిపి, అప్పుడు నీళ్లు పోయాలి. నీళ్లు తగిలాక ఆ వీర్యకణాలకి ఒక్క నిమిషం కూడా సత్తువ ఉండదు. గుడ్డులోకి పోయే రంధ్రం కూడా నీళ్లు పీల్చుకుంటూ మూసుకుపోతుంది. నీళ్లలోనే కలిపితే సగం గుడ్లు వృథా అవుతాయి. ఈ పొడి పద్ధతి 1850ల్లో రష్యాలో కనిపెట్టారు, ఇవాళ్టికీ అదే చేస్తున్నాం.

రెండు రోజుల తర్వాత నుంచి ఆ గుడ్లని కదపకూడదు, ట్రేకి చిన్న దెబ్బ తగిలినా పోతాయి. 10 డిగ్రీల నీళ్లలో పదహారో రోజుకి గుడ్డులో రెండు నల్లటి చుక్కలు కనబడతాయి. అవి పిల్ల కళ్లు. మొదటిసారి దీపం ముందు పెట్టి చూసినప్పుడు ఆ చుక్కలు కదిలాయి, నాకు ఒళ్లు జలదరించింది. ఆ దశ వచ్చాక గుడ్డు గట్టిపడుతుంది, ఊరు దాటించినా తట్టుకుంటుంది. కాబట్టి తెప్పిస్తే కళ్లు వచ్చిన గుడ్లే తెప్పించండి. 10 డిగ్రీల దగ్గర 31 రోజులకి పొదుగుతాయి. 7 డిగ్రీలైతే 48 రోజుల దాకా పడుతుంది. చచ్చిన గుడ్డు పాలలా తెల్లబడుతుంది, దాన్ని రోజూ ఏరెయ్యాలి. ఒక్కటి వదిలేస్తే ఫంగస్ పట్టి చుట్టూ ఉన్న పది గుడ్లని కలిపేస్తుంది.

పొదిగిన పిల్లలు పొట్ట కింద సొన సంచి మోసుకుంటూ అడుగున పడుంటాయి. ఆ రోజుల్లో వాటికి చీకటి కావాలి, మేత అక్కర్లేదు. సంచి కరిగాక ఒక్కొక్కటే పైకి లేస్తాయి. ఆ లేచిన మూడు నాలుగు రోజులు ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్లకండి. పిండిలాంటి మేత రోజుకి ఎనిమిది, పది సార్లు చిటికెడు చిటికెడు చల్లాలి. అప్పుడు తినడం నేర్చుకోని పిల్ల తర్వాత నేర్చుకోదు. తల పెద్దగా, ఒళ్లు పుల్లలా మిగిలి చచ్చిపోతుంది. నేను సెలవు పెట్టి పెళ్లికి వెళ్లిన ఏడాది ఒక తొట్టిలో అలాంటి పిల్లలు వందల్లో చూశాను.

అక్కడి నుంచి 25 సెంటీమీటర్ల చేప కావడానికి మీ 11 డిగ్రీల నీళ్లలో ఏడాది పైనే పడుతుంది. నెలకోసారి సైజుల వారీగా విడదీయాలి, లేకపోతే పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది. తొట్టి గోడ గరుకుగా ఉంటే వీపు రెక్క అరిగిపోతుంది. కిక్కిరిసి ఉంటే మేత కోసం ఎగబడి ఒకదాని రెక్క ఒకటి కొరుక్కుంటాయి. హేచరీ చేప మంచిదో కాదో తెలుసుకోవాలంటే నేను ముందు వీపు రెక్కే చూస్తాను. పూర్తిగా విచ్చుకుని, అంచు సన్నగా ఉంటే ఆ చేపని ఎవరో శ్రద్ధగా పెంచారని అర్థం.

ఊట నీళ్లు నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో కొలిచి చెప్పండి, బకెట్టూ గడియారమూ చాలు. నీళ్లు ఎంత వస్తున్నాయన్న దాన్ని బట్టి తొట్టి లెక్క ఉంటుంది గానీ తొట్టి సైజుని బట్టి కాదు.

వాగుగట్టు జవాబు:

తొట్టికాపరి గారు చెప్పినదానికి ఎదురు లేదు. నేను చేపలు పెంచను, వాగుల వెంట తిరిగి గాలం వేస్తాను. నా ప్రశ్న ఆ 169 గురించి.

మీ తూముకి జల్లెడ ఉందా? ఉంటే ఆ రెండు నెలల్లో ఎప్పుడైనా తీశారా? కొత్తగా వదిలిన రెయిన్‌బో ఒక చోట ఉండదు, నీళ్లు ఎటు పారితే అటు పోతుంది. వాన పడి తూము పొర్లితే ఒక్క రాత్రిలో మంద మొత్తం దిగిపోగలదు. కొంగలు, నీటికుక్కలు కూడా తింటాయి, నిజమే. తొట్టిలో పెరిగిన చేపకి గట్టు మీద నీడ పడితే మేత వచ్చిందని అర్థం, అది పారిపోకుండా నీడ దగ్గరికే వస్తుంది. కొంగకి అంతకంటే ఏం కావాలి. అయినా 169 చేపలు కొంగల లెక్కకి అందవు.

నేను అడిగేది జల్లెడ గురించే కాదు, ఆ కింది వాగు గురించి కూడా. అందులో సొంతంగా పుట్టి పెరిగే ట్రౌట్ ఉన్నాయా? ఉంటే దయచేసి ఈ పనిని తేలిగ్గా తీసుకోకండి.

వదిలినన్ని చేపలు పెరుగుతాయని వందేళ్లు అందరూ నమ్మారు. అమెరికాలో సేత్ గ్రీన్ 1864లో న్యూయార్క్ రాష్ట్రంలోని కలెడోనియాలో హేచరీ పెట్టిన దగ్గర్నుంచీ అదే నమ్మకం. చేపపిల్లల్ని పాల క్యాన్లలో పెట్టి, రైలు పెట్టెల్లో తీసుకెళ్లి మరీ నదుల్లో పోశారు. మోంటానా రాష్ట్రంలో డిక్ విన్సెంట్ అనే చేపల శాస్త్రవేత్త మాడిసన్ నదిలోనూ, ఓడెల్ క్రీక్ అనే వాగులోనూ ఏళ్ల తరబడి చేపలు లెక్కపెట్టాడు. హేచరీ చేపలు వదలడం ఆపిన చోట నది సొంత చేపలు పెరిగాయి. అంతకుముందు వదలని వాగులో కొత్తగా వదిలితే అక్కడి సొంత చేపలు తగ్గాయి. గాలం వేసేవాళ్లూ, వ్యాపారులూ గొడవ చేసినా, 1974లో ఆ రాష్ట్రం సొంతంగా ట్రౌట్ పుట్టే నదుల్లో హేచరీ చేపలు వదలడం మానేసింది. ఇప్పటికీ అక్కడికి ప్రపంచం నలుమూలల నుంచీ గాలం వేయడానికి వస్తారు.

కారణం కష్టమైనదేమీ కాదు. నదిలో ప్రతి రాయి వెనకా ఒక చేపకి చోటు ఉంటుంది, ఆ చోటుకి ఒక యజమాని ఉంటుంది. తొట్టిలో పెరిగిన చేపకి ఆ మర్యాద తెలియదు. వచ్చి తోస్తుంది, కొట్లాడుతుంది, ఉన్నదాన్ని కదిలిస్తుంది, చివరికి అది కూడా చలికాలం దాటదు. రెండూ పోతాయి.

ఇంకొకటి, జబ్బు. చేప గుండ్రంగా గిరగిరా తిరిగి చచ్చే వర్లింగ్ డిసీజ్ యూరప్ నుంచి 1950ల్లో అమెరికాకి చేరింది. దాని బీజాలు బురదలో ఏళ్లపాటు ఉండి, ట్యూబిఫెక్స్ అనే ఎర్రటి సన్న పురుగులో పెరిగి, మళ్లీ ట్రౌట్ పిల్లల మృదులాస్థిలోకి చేరతాయి. 1990ల్లో ఆ మాడిసన్ నదిలోనే రెయిన్‌బో పిల్లల్ని ఊడ్చేసింది. కాబట్టి గుడ్లైనా పిల్లలైనా జబ్బు పరీక్ష కాగితం లేకుండా తీసుకోకండి. మీ దగ్గర చేప వదలడానికి అనుమతి కావాలేమో కూడా ముందే కనుక్కోండి, చాలా చోట్ల కావాలి.

ఊటచెరువు జవాబు:

ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్నంతా కొలతలే తీశాను. మీరు అడిగినవన్నీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మేత విషయం హేచరీకి ఫోన్ చేసి అడిగాను. ఆ పొద్దున పెట్టారట. మేం ముందుగా చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ట్యాంకులో 11 డిగ్రీలు. ఆ రోజు గట్టు దగ్గర చెరువు నీళ్లు 19, మా మిత్రుడు పుస్తకంలో రాసి పెట్టాడు. వదిలింది మధ్యాహ్నం రెండింటికి, ఎందుకంటే అందరికీ వీలైన వేళ అదే. చేతులు తడుపుకోవాలని మాలో ఎవరికీ తెలియదు.

ఊట దగ్గర 20 లీటర్ల బకెట్ పెట్టి ఐదుసార్లు కొలిచాను. 15 సెకన్లకి నిండుతోంది. పోయిన ఎండాకాలం చివర్లో ఒకరు కొలిచారట, అప్పుడు 50 సెకన్లు పట్టింది.

జల్లెడ మాట రాయడానికి కష్టంగా ఉంది. ఉంది. కానీ ఆకులు అడ్డం పడి నీళ్లు గట్టు మీదికి వస్తున్నాయని ఒక వాన రాత్రి తీసేశారు. తిరిగి పెట్టింది తొమ్మిది రోజులకి. ఆ తేదీ, మాకు చేపలు పడటం ఆగిన తేదీ పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. మేం ఎవరం కలిపి చూడలేదు.

వాగుగట్టు గారూ, కింది వాగులో బ్రౌన్ ట్రౌట్ ఉన్నాయి. ఎవరూ వదలకుండానే పుడుతున్నాయి. నిన్న సాయంత్రం రెండు కిలోమీటర్లు నడిచి చూశాను. ఒక మడుగులో మా రెయిన్‌బోలు ఆరేడు కనిపించాయి, అరిగిన వీపు రెక్కల్ని బట్టి గుర్తుపట్టాను. నాకు చాలా బాధేసింది. మావాళ్లతో మాట్లాడాను, వాగులో ఆ రెయిన్‌బో ఎవరికి పడినా తిరిగి వదలకూడదని, బ్రౌన్ పడితే మాత్రం ముట్టుకోకుండా నీళ్లలోనే గాలపు ముల్లు తీసి వదలాలని అనుకున్నాం.

తొట్టికాపరి జవాబు:

ఉన్నది ఉన్నట్టు రాశారు, దానివల్ల నా పని సులువైంది. 8 డిగ్రీల తేడా, కడుపు నిండా మేత, మిట్టమధ్యాహ్నం ఎండ. 41 తోనే ఆగింది.

నీళ్ల లెక్క చూద్దాం. నిండుగా ఉన్నప్పుడు నిమిషానికి 80 లీటర్లు, ఎండాకాలం చివర్లో 24. మేం వాడిన లెక్క ప్రకారం 10 డిగ్రీల దగ్గర, 25 సెంటీమీటర్ల చేప 54 కిలోలకి, అంటే 180 గ్రాముల చొప్పున 300 చేపలకి, నిమిషానికి 30 లీటర్లు బొటాబొటిగా సరిపోతాయి. అది ఒకసారి వాడి బయటికి వదిలే నీళ్ల లెక్క. బొటాబొటి మీద నేను ఎప్పుడూ నడపలేదు, రెట్టింపు ఉంచుకునేవాణ్ణి. మీకు 24కి పడిపోయే నెలలున్నాయి. కాబట్టి గుడ్ల నుంచి ఏడాది పొడుగునా పెంచడం ఇప్పుడు మానుకోండి. ఆ 24 లీటర్లు కూడా ఒక రాత్రి ఆకు అడ్డం పడి ఆగితే, తొట్టిలో చేపకి అరగంట కూడా ఆయువు ఉండదు.

దానికి బదులు ఇలా చేయండి. ఎండలు తగ్గి చెరువు పైనీళ్లు 14 డిగ్రీలకి దిగాక, 15 సెంటీమీటర్ల పిల్లలు తెచ్చి తొట్టిలో చలికాలమంతా పెంచండి. అప్పుడు మీకు నీళ్లు పుష్కలం. 120 చాలు. చెరువులోకి ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా వదలండి. మళ్లీ ఎండలు ముదిరేలోగా వాటిని పట్టుకుని తినండి. ఇందులో తప్పేం లేదు, ఈ చెరువులో రెయిన్‌బో సొంతంగా గుడ్లు పెట్టి పెరగదు. దానికి పారే నీళ్లూ, గులకరాళ్లూ కావాలి.

చేప రకం మాత్రం ట్రిప్లాయిడ్ అడగండి. గుడ్డు ఫలదీకరణ అయిన కొద్ది నిమిషాలకి వేడితోనో, ఒత్తిడితోనో ఒక షాక్ ఇస్తారు. దాంతో మామూలుగా ఉండే రెండు సెట్ల క్రోమోజోములతో పాటు మూడో సెట్టు కూడా గుడ్డులో ఉండిపోతుంది. ఆ చేప పెరుగుతుంది, గాలానికి బాగా పోరాడుతుంది, పిల్లల్ని మాత్రం కనదు. షాక్ నూటికి నూరు గుడ్లకీ పని చేయదు కాబట్టి జల్లెడ ఎలాగూ ఉండాల్సిందే. జల్లెడకి అడ్డ కమ్మీలు పెట్టకండి, నిలువు కమ్మీలు పెట్టండి, పైకి లాగి దువ్వితే ఆకులు వచ్చేస్తాయి. రెండు జల్లెడలు ఒకదాని వెనక ఒకటి ఉంటే ఒకటి శుభ్రం చేసేటప్పుడు రెండోది కాపలా ఉంటుంది.

ఎండాకాలం గురించి ఒక మాట. పైన నీళ్లు 24 డిగ్రీలకి చేరితే ట్రౌట్ లోతుకి పోతుంది. 4 మీటర్ల అడుగున చల్లగా ఉంటుంది గానీ అక్కడ కుళ్లే ఆకుల వల్ల ఆక్సిజన్ అయిపోతుంది. పైన వేడి, కింద ఊపిరాడదు, మధ్యలో పలచటి పొర ఒక్కటే మిగులుతుంది. గాలి పంపు పెడదామని అందరికీ అనిపిస్తుంది. పగలు అడుగు నుంచి బుడగలు వదిలితే చల్లటి నీళ్లని పైకి తెచ్చి చెరువు మొత్తం వేడెక్కిస్తారు, ఇంకా చేటు. మిగిలిన చేపలన్నీ ఊట మూతి దగ్గర గుంపుగా చేరతాయి. అక్కడ గాలం వేస్తే గంటలో పది పడతాయి. వేయకండి. 20 డిగ్రీలు దాటిన నీళ్లలో పోరాడి అలసిన చేపని వదిలినా బతకడం కష్టం.

నాచు పట్టిందని మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మాత్రం చల్లకండి, అందులో రాగి ఉంటుంది. సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లలో రాగి ట్రౌట్‌కి విషం.

ముల్లుపెట్టె జవాబు:

చిన్న మాట. చేపలు పడటం ఆగాయంటే అన్నిసార్లూ చేపలు లేవని కాదు. కొత్తగా వదిలిన రెయిన్‌బో మొదటి వారం మేత గుళికలా ఉన్న గోధుమరంగు ఎర ఏదైనా మింగుతుంది. ముల్లు రుచి తెలిసిన తర్వాత, నీళ్లలో పురుగులు తినడం నేర్చుకున్న తర్వాత పద్ధతి మారుతుంది. అప్పుడు సన్న గాలం దారం, చిన్న ముల్లు, మీటరు లోతు. మాకు రెండో నెలలో పడే చేపలే ఎక్కువ సంతోషం ఇస్తాయి. వెనక్కి తిరిగిన చిన్న మొన లేని ముల్లు వాడండి, వదలాల్సి వచ్చినప్పుడు తేలిగ్గా వస్తుంది. గొంతులోకి మింగేస్తే లాగకండి, దారం కోసి వదిలేయండి.

ఊటచెరువు జవాబు:

నాలుగు నెలల తర్వాత వస్తున్నాను, క్షమించండి. చెప్పినట్టే చేశాం. ట్రిప్లాయిడ్ పిల్లలు 120, పరీక్ష కాగితంతో తెచ్చాం. అనుమతి రావడానికి ఐదు వారాలు పట్టింది. తొట్టి గోడలకి నున్నగా పూత వేశాం. 9 పోయాయి. వాటిలో రెండు తొట్టిలోంచి ఎగిరి బయటపడ్డాయి, పైన వల కప్పమని మీరు చెప్పలేదు గానీ మేమే ఆలోచించాల్సింది.

మొన్న సాయంత్రం మొదటి విడత 40 వదిలాం. రెండు రోజుల ముందు నుంచి మేత లేదు. తొట్టిలో నీళ్లు 11 డిగ్రీలు, చెరువులో 9, అయినా ఇరవై నిమిషాలు పంపు పెట్టాం. పొద్దు వాలాక గొట్టం తెరిచాం. ఎవ్వరం చెయ్యి పెట్టలేదు. కొన్ని గొట్టం మూతి దగ్గరే మొప్పలు ఆడిస్తూ ఆగాయి, ఒక్కొక్కటిగా చీకటి నీళ్లలోకి జరిగాయి. ఇద్దరు రాత్రంతా గట్టు మీదే ఉన్నారు. పొద్దున ఆరింటికి చెరువు చుట్టూ రెండుసార్లు తిరిగాను, ఒక్క పొట్టా కనబడలేదు.

తొట్టికాపరి గారూ, తొట్టిలో మిగిలిన 71 చేపల్లో నాలుగైదింటికి వీపు రెక్క అంచు తెల్లగా చిట్లుతోంది. మిగతావాటికి విచ్చుకుని బాగుంది. మేత వేసే వేళలు మార్చాలా, లేక ఈ నాలుగింటినీ వేరే తొట్టిలోకి తీయాలా?

తొట్టికాపరి జవాబు:

ఆ 40 బతికాయన్న మాటతో కడుపు నిండింది. ఆ నాలుగింటినీ తీయకండి, పట్టుకునే కంగారులోనే ఇంకా దెబ్బ తింటాయి. మేత ఒకే మూల వేస్తున్నారా? తొట్టి పొడుగునా చల్లండి, అదే మేతని రెండు పూటలకి బదులు నాలుగు పూటలు చేయండి. రెండో విడత వదిలాక చోటు దొరుకుతుంది, అంచు మళ్లీ పెరుగుతుంది. మూడు వారాల తర్వాత రెక్క ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నీళ్లలో ఉండగానే తీయండి.